మీకు తెలుసా? రాయలవారి తలపై ఉన్నది కిరీటం కాదు

తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే వచ్చే కృష్ణరాయ మండపంలో శ్రీకృష్ణదేవరాయలు చేతులు జోడించి నిలబడి ఉంటారు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. క్యూలో వెనకవాళ్ల తోపులాటకి చాలామంది ఆ ముగ్గురినీ చూడకుండానే ముందుకు సాగిపోతారు. ఈసారి వెళ్లినప్పుడు రాయలవారి తలవైపు చూడండి. కిరీటం కనిపించదు. పొడుగ్గా, పైకి పోనుపోను సన్నబడే టోపీ ఉంటుంది. అదే కుల్లాయి.

పేరూ, నమూనా రెండూ పారసీకం నుంచి వచ్చినవే. దానికి జోడీగా కబాయి అనే పొడుగు అంగీ ఉండేది. దక్కను సుల్తానులతో తరతరాలు యుద్ధం చేసిన విజయనగర రాజ్యం వాళ్ల కొలువు దుస్తులనే తన కొలువులోకి తెచ్చుకుంది. ఇందులో వింతేమీ లేదంటాడు 1996లో దీని మీద పేరుపొందిన వ్యాసం రాసిన చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్. ఆనాడు నాగరికమైన కొలువు ఎలా ఉండాలో పారసీక పద్ధతే చెప్పేది. విజయనగర రాజులు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు పెట్టుకున్నది కూడా అందుకే. సురత్రాణుడంటే మరెవరో కాదు, సుల్తానే! తిరుమల విగ్రహంలో మాత్రం కబాయి లేదు. దేవుడి ముందు కదా, పైన హారాలు తప్ప మరేమీ లేవు. టోపీ మాత్రం తలమీదే ఉండిపోయింది. గుళ్లో కూడా తీయనక్కర్లేనంతగా అది రాచరికానికి గుర్తయిపోయిందన్నమాట.

1520 ప్రాంతంలో రాయలవారిని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఈ టోపీ సంగతి రాశాడు. జరీపనితో ఉన్న ఆ టోపీ ఆయనకు తమవైపు గలీషియా శిరస్త్రాణంలా కనిపించిందట. రాజుగారి కాళ్లకు చెప్పులు లేవనీ, ముఖం మీద స్ఫోటకపు మచ్చలున్నాయనీ కూడా రాశాడు. ఆ మచ్చలు తిరుమల విగ్రహంలో వెతక్కండి, రాచబొమ్మలు చేసేవాళ్లకు అలాంటివి కనిపించవు.

ఈ కొలువు వేషం అందరికీ నచ్చిందనుకోకండి. రాయలకు దాదాపు వందేళ్ల ముందు విజయనగరం వెళ్లిన శ్రీనాథుడు కుల్లాయి పెట్టుకోవాల్సి వచ్చినందుకు తెగ విసుక్కున్నాడని, ఆయనదిగా చెప్పే ఓ చాటువు చెబుతుంది. కుల్లాయిలను వరసగా, తీరుబడిగా చూడాలంటే లేపాక్షి వెళ్లాలి. అక్కడి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఆ గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ, వాళ్ల పరివారమంతా అవే పెట్టుకుని శివుణ్ణి కొలుస్తుంటారు.

గుళ్లో విగ్రహమై నిలిచిన రాజు తన నాణెం మీద మాత్రం కనిపించడు. రాయలవారి బంగారు నాణెం పేరు వరాహం. వరాహమే విజయనగర రాజలాంఛనం కూడా. కానీ ఆయన వేయించిన వరాహం మీద ఉన్నది బాలకృష్ణుడు. వరాహమూ లేదు, రాజుగారి ముఖమూ లేదు. తర్వాత వచ్చిన అచ్యుతరాయలు గండభేరుండ పక్షిని వేయించాడు.

దేవుడి ముందు చేతులు జోడించిన రాజును చూశాక, ఏకంగా భూగోళం మీదే నిలబడిన రాజును చూడాలి. మొగలు చక్రవర్తి జహంగీర్ కోసం 1616 ప్రాంతంలో అబుల్ హసన్ వేసిన చిత్రం ఇప్పుడు డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. అందులో చక్రవర్తి ఈటెకు గుచ్చిన తల మీదికి బాణం వేస్తుంటాడు. ఆ తల అహమ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్‌ది. బానిసగా అమ్ముడై వచ్చి మంత్రిపదవికి ఎక్కిన ఈ హబ్షీ (అబిసీనియా) యోధుడు మొగలు సేనలను ఏళ్ల తరబడి ముప్పుతిప్పలు పెట్టాడు. నిజానికి జహంగీర్ అతణ్ణి ఎన్నడూ పట్టుకోలేకపోయాడు. అంబర్ ముసలితనంలో, 1626లో, సహజంగానే కన్నుమూశాడు. మరుసటి ఏడాదే జహంగీరూ పోయాడు. యుద్ధంలో దక్కని తల కాగితం మీద దొరికిందన్నమాట! ఆ బొమ్మలోని భూగోళమూ, చక్రవర్తి తల వెనక కాంతివలయమూ ఐరోపా బొమ్మల నుంచి వచ్చినవే. భూగోళం కింద ఎద్దు, ఎద్దు కింద చేప. అవి మాత్రం ఇస్లామీ గాథల్లో భూమిని మోసేవి.

కోరికను బొమ్మలో తీర్చుకోవడంలో మొగలులకన్నా మనవాళ్లే ముందు. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ఒక శిల్పఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. సుమారు క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటిది. మధ్యలో నిలబడ్డ చక్రవర్తిని మాంధాతగా గుర్తించారు. తలపై గొడుగు, చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, కోశాధికారి, మంత్రి. చక్రవర్తికి ఉండాల్సిన ఏడు రత్నాలు ఇవేనని బౌద్ధ గ్రంథాలు చెబుతాయి. రాజు కుడిచేయి పైకెత్తాడు, మబ్బుల్లోంచి డబ్బు కురుస్తోంది.

మాంధాత పురాణకాలపు రాజు. ఆయన డబ్బు ఎలా ఉండేదో శిల్పికి ఎలా తెలుస్తుంది? అందుకే గుండ్రటి బంగారు కాసులు కాకుండా, తన కాలంలో సంతల్లో చేతులు మారుతున్న, గుర్తులు కొట్టిన విద్ధాంక నాణేల్లాంటి చదరపు బిళ్లలనే చెక్కి, దేవలోకం నుంచి కురిపించేశాడు.