2.7 మిల్లీసెకన్ల గడువు

హయత్‌నగర్‌లో విజయవాడ హైవేకి కాస్త లోపలగా ఒక అద్దె గదిని ఊహించుకోండి. గోడలకు ఫోమ్, బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన ఆడియో ఇంటర్‌ఫేస్. బోనాల పాట మిక్సింగ్ చివరికొచ్చింది. డప్పులు, కీబోర్డు, కోరస్ కలిపి ముప్పై ట్రాకులు. పల్లవి బాగానే సాగింది. చరణం అందుకోగానే ‘టప్’మని తెగింది.

కొత్త కంప్యూటర్ కొనాలని చాలామందికి ముందు తోచేది అప్పుడే. కాస్త ఆగడం మంచిది.

పాటను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లో వింటే సగం సంగతి తేలిపోతుంది. అక్కడ సాఫీగా వినిపిస్తే ట్రాకులు బాగానే ఉన్నట్టు. ఎక్స్‌పోర్ట్‌కు గడువు లేదు, కంప్యూటర్ తీరిగ్గా లెక్కలు వేసుకుంటుంది. ప్లే నొక్కినప్పుడు ఆ తీరిక ఉండదు.

సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున ధ్వని బయటికి వెళ్లాలి. కంప్యూటర్ వాటిని గుత్తులు గుత్తులుగా అందిస్తుంది. గుత్తి పరిమాణమే బఫర్. అది 128 శాంపిళ్లయితే ఒక్కో గుత్తికి దొరికే సమయం దాదాపు 2.7 మిల్లీసెకన్లు. ముప్పై ట్రాకుల మీదున్న రివర్బ్, కంప్రెసర్ లాంటి ప్లగిన్ల లెక్కలన్నీ ఆలోపే పూర్తవ్వాలి. ఒక్క గుత్తి ఆలస్యమైనా ‘టప్’.

నల్లా రోజు విడిచి రోజు వచ్చినా సంపు నిండుగా ఉంటే వంటింట్లో నీళ్లు ఆగవు. బఫర్ చేసే పనీ అదే. దాన్ని 1024కు పెంచితే 21 మిల్లీసెకన్ల వెసులుబాటు దొరుకుతుంది. మిక్సింగ్‌కు అది హాయి. పాడేవాళ్లకు మాత్రం నరకం: తమ గొంతు హెడ్‌ఫోన్‌లో అంతకంటే ఆలస్యంగా వినిపిస్తుంటే తాళం కుదరదు. అందుకే రికార్డింగప్పుడు బఫర్ తగ్గించి, బరువైన ప్లగిన్లున్న ట్రాకులను ఫ్రీజ్ చేస్తారు, అంటే వాటి లెక్కలు ముందే పూర్తిచేసి ఆడియోగా మార్చి పెడతారు.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 30 శాతమే కనిపిస్తున్నా పాట తెగుతుంటే? అది సగటు లెక్క. మధ్యలో వైఫై డ్రైవర్ కొన్ని మిల్లీసెకన్లు ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుంటే ఆ అంకెలో తెలియదు. లేటెన్సీమాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ డ్రైవర్ ఎంతసేపు అడ్డుపడిందో పేరుపెట్టి చూపిస్తుంది. అంతదూరం పోకముందే వైఫై ఆపి ఒకసారి ప్లే చేసి చూడొచ్చు. విండోస్‌లోనైతే ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ ఎంచుకున్నారో లేదో చూడాలి. విండోస్ సొంత మిక్సర్‌ను పక్కనపెట్టి ధ్వనిని నేరుగా పరికరానికి పంపేందుకు స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన పద్ధతి అది.

పొద్దున బాగుండి మధ్యాహ్నం తెగే పాటకు కారణం వేరే ఉండొచ్చు. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మైకులో శబ్దం పడకూడదని ఫ్యాన్ కూడా ఆపేస్తారు. చిప్ వేడి 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్తే చాలా ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారినా వేగం పడిపోవచ్చు.

వినేటప్పుడు తెగితే ఫైలుకు నష్టం లేదు. పాడుతుండగా తెగితే మాత్రం ఆ ఖాళీ ట్రాకులోనే పడిపోవచ్చు. ఎంత ఎడిట్ చేసినా ఆ ముక్క తిరిగి రాదు, ఆ లైను మళ్లీ పాడించాల్సిందే.