కథ ఎక్కడ దాగి ఉన్నది?

కరీంనగర్ ప్రాంతపు పల్లెల్లో ఒగ్గు కథ చూసిన వారికి ఒక సందేహం కలగక మానదు. డోలు మోగుతూ ఉంటే కథకుడు రాత్రి పొద్దుపోయేదాకా మల్లన్న కథో, బీరప్ప కథో చెబుతాడు. చేతిలో పుస్తకం ఉండదు! వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఇలాగే చెప్పి ప్రసిద్ధుడైనాడు. ఆదిలాబాదు వైపు పర్ధానులు కూడా అంతే. కికిరి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడతారు. ఇంత కథా తలలో ఎక్కడ ఇముడుతున్నది?

మన మెదడు అక్రోటు పప్పులాగా రెండు సగాలుగా ఉంటుంది. ఆ రెంటినీ సుమారు 20 కోట్ల సన్నని నరాల పోగులు కలుపుతున్నవి.

కెనడాలోని మాంట్రియల్ నగరంలో, 1950 తరువాతి సంవత్సరాలలో, బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు మూర్ఛరోగులను పరీక్షించింది. రోగం తగ్గటానికి వైద్యులు వారి మెదడులో కొంత భాగం తీసివేసేవారు. ఎడమ కణత వైపు తీసినవారికి, చదివి వినిపించిన కథ సరిగా గుర్తుండేది కాదు. కుడివైపు తీసినవారికి మాటలు గుర్తుండేవిగాని, చూసిన ముఖాలూ, విన్న రాగాలూ పోల్చుకోవటం కష్టమయ్యేది.

అంటే, కథకుడి మాటలను ఎక్కువగా ఎడమ సగమూ, రాగాన్ని ఎక్కువగా కుడి సగమూ కాపాడుతున్నవన్నమాట. "ఎక్కువగా" అన్నది మరవకండి! రెండు సగాలూ కలిసే పనిచేస్తాయి. ఫలానావాడు కుడిమెదడు మనిషి, ఫలానావాడు ఎడమమెదడు మనిషి అనటం వట్టిమాట.

మరి డోలు వాయించేవాడి చేతుల సంగతేమిటి?

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి, మూర్ఛలు తగ్గాలని, రెండు కణతల లోపలి భాగాలూ తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కాని పాపం, ఆ తరువాత కొత్త సంగతేదీ అతని మనసులో నిలవలేదు. ఇప్పుడే మాట్లాడి వెళ్ళినవారు తిరిగి వస్తే, కొత్తవారనుకునేవాడు.

మిల్నర్ అతనికి రెండు గీతలతో వేసిన నక్షత్రం బొమ్మ ఇచ్చి, ఆ గీతల నడుమ పెన్సిలు నడపమన్నది. చేతిని నేరుగా చూడకూడదు, అద్దంలోనే చూడాలి. (మీరూ ప్రయత్నించండి, పెన్సిలు ఎటో పోతుంది!) మొదట హెన్రీ కూడా తప్పులు చేశాడు. మూడు రోజులయ్యేసరికి చెయ్యి చక్కగా తిరిగింది. అయినా, ఆ పని అంతకు ముందు చేసిన జ్ఞాపకమే అతనికి లేదు!

చేతిపని నేర్పు వేరేచోట, చిన్నమెదడులోనూ, మెదడు లోలోపలి మరికొన్ని భాగాల్లోనూ నిలుస్తుంది. అక్కడ కత్తి తగలలేదు.

అటువంటి శస్త్రచికిత్స రెండువైపులా చెయ్యరాదని వైద్యులు తెలుసుకున్నారు. హెన్రీ 2008లో, 82వ ఏట చనిపోయాడు. మిల్నర్ ఎన్నో ఏళ్ళు అతన్ని పరీక్షించింది. వెళ్ళిన ప్రతిసారీ ఆమె అతనికి కొత్త మనిషే.