వేడిమికి కావలి

పాలకు తోడువేయు గృహిణి పొయ్యిలోని మంటను చూచి పాల వేడిని నిర్ణయింపదు. కాచిన పాలు చల్లారుచుండగా వ్రేలు ముంచి చూచి, గోరువెచ్చగా నున్నవని తెలిసికొనిన పిదపనే తోడు కలుపును. పొయ్యి వేడి వేరు, పాల వేడి వేరు. ప్రయోగశాలలో పనిచేయు శాస్త్రజ్ఞులు గూడ ఈ భేదమును మరువరాదు.

గాజుపాత్రలోని పదార్థమును నేరుగా మంటపై నుంచినచో అడుగు మాడును. పైభాగము చల్లగనే యుండును. అందుచే ఆ పాత్రను నీటితోగాని నూనెతోగాని నింపిన తొట్టిలో నిలిపి, తొట్టిని వేడిచేయుదురు. చుట్టునున్న ద్రవము పాత్రకు అన్నివైపులనుండి సమముగా వేడి నందించును. నీరు సాధారణ పీడనమున 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును గనుక, అంతకు మించిన వేడి కావలసినపుడు సిలికోను నూనెను వాడుదురు. ఆ నూనెలో నీటిబొట్టు పడకుండ చూచుకొనవలెను; కాగిన నూనెలో నీరు పడిన నేమగునో వంటయింట నెల్లరు నెరిగినదే.

తొట్టి వేడిని ఒక్కతీరున నిలుపుట యెట్లు? ఈ ప్రశ్న నేటిది కాదు. 17వ శతాబ్దపు తొలినాళ్లలో కార్నెలిస్ డ్రెబెల్ అను డచ్చి మేధావి కోడిగ్రుడ్లను పొదిగించుటకొక కొలిమిని నిర్మించెను. అందొక గాజుగొట్టములో సారాయమును పాదరసమును నింపెను. వేడి హెచ్చినపుడు సారాయము వ్యాకోచించి పాదరసమును పైకి త్రోయును. దానిచే కదలిన కమ్మి పొగదారి మూతను మూయును. గాలి యాడక మంట తగ్గును. వేడి తగ్గినంతనే మూత మరల తెరచుకొనును. మానవుడు కాపలా యుండనక్కరలేదు!

నేటి ప్రయోగశాలలో తొట్టిని విద్యుత్తుతో వేడెక్కు పలకపై నుంచుదురు. పలకలోపల నొక ఉష్ణమాపక ముండును గాని, అది తెలుపునది పలక వేడిని మాత్రమే. పలక 80 డిగ్రీలకు చేరినను, గాలికి వేడిని కోల్పోవుచుండు నూనె వెనుకబడియే యుండును. కావున సన్నని ఉక్కుగొట్టము వంటి తాపశలాక నొకదానిని విడిగా నూనెలో ముంచుదురు. పెక్కు శలాకలలో ప్లాటినపు తీగ యుండును. 0 డిగ్రీల వద్ద 100 ఓములుగా నుండు దాని నిరోధము 100 డిగ్రీల వద్ద సుమారు 138.5 ఓములగును. నియంత్రకయంత్రము ఈ మార్పును గుర్తించి, పలకకు పోవు విద్యుత్తును హెచ్చించుటయో తగ్గించుటయో చేయును. శలాక అడుగునకుగాని ప్రక్కలకుగాని తగులరాదు. పాత్రకు చేరువగా నుండవలెను. వేడి నూనె పైకి చేరి పొరలుగా నిలువకుండ, అయస్కాంతపు కడ్డీ యొకటి అడుగున గిరగిర తిరుగుచు నూనెను కలుపుచుండును.

ఇందొక చిక్కు గలదు. నూనె 80 డిగ్రీలకు చేరినపుడే విద్యుత్తు నాపినచో, అంతకంటె మిక్కిలి వేడెక్కియున్న పలక ఇంకను వేడినిచ్చుచునే యుండును. నూనె గమ్యమును దాటిపోవును. రైలును నడుపువాడు స్టేషను చేరకమునుపే వేగము తగ్గించునట్లు, యంత్రము గూడ ముందుగనే జాగ్రత్తపడవలెను. ఇప్పుడెంత లోటున్నది, ఇంతవరకు కూడిన లోటెంత, వేడి యెంత త్వరగా మారుచున్నది అను మూడింటిని అది లెక్కించును. ఈ పద్ధతిని 1922లో నికొలస్ మినోర్‌స్కీ యను ఇంజనీరు ఓడల చుక్కానిని గూర్చి వ్రాయుచు గణితరీతిని వివరించెను. ఓడకును నూనెతొట్టికిని ఒకే లెక్క సరిపోవుట వింతయే.

ఎంత తెలివిగల యంత్రమైనను శలాక చెప్పిన మాటనే నమ్మును. శలాక జారి బల్లపై పడినదనుకొందము. అది గదిలోని గాలి వేడిని, అనగా 30 డిగ్రీలను, తెలుపును. నూనె చల్లగా నున్నదని భ్రమించిన యంత్రము విద్యుత్తును పూర్తిగా వదలుచుండును. నూనె పొగలు గ్రక్కును, తుదకు నిప్పంటుకొనవచ్చును. ఈ యాపదను తప్పించుటకై మంచి పరికరములలో పలక వేడి ఒక హద్దు దాటినంతనే విద్యుత్తును త్రెంచు వేరొక రక్షణమార్గ ముండును. ఎంత వేడిచేసినను శలాక లెక్క పెరుగనిచో కొన్ని నిమిషములలో తమంతట తామే ఆగు పరికరములును కలవు.

అయినను అనుభవజ్ఞులు వానినే నమ్ముకొని తొట్టిని విడిచిపోరు. మొదట శలాకను స్టాండునకు గట్టిగా బిగించి, కొన నూనెలో మునిగినదని కన్నులార చూచి, ఆ తరువాతనే మీట నొక్కుదురు. పని ముగిసినపుడు ముందుగా మీట నాపి, పిదప శలాకను పైకి తీయుదురు.