ఎర్రనేలకు నల్లరేగడి కొలత

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు రైతు చేతికందే భూసార పరీక్ష పత్రంలో సేంద్రియ కర్బనం గడికి ఎదురుగా తరచూ కనబడే మాట ‘తక్కువ’. 0.5 శాతానికి లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. కర్నూలు నల్లరేగడికైనా, పుంగనూరు ఎర్ర గరపకైనా ఇదే కొలత. పంటకు నత్రజని సుమారుగా ఎంత అందుతుందో అంచనా వేయడానికి ఆ గీతలు పనికొస్తాయి, కాదనలేం. కానీ ఆ నేల తన శక్తి మేరకు కర్బనాన్ని దాచుకుందా, ఇంకా చోటుందా అన్నది వాటివల్ల తేలదు. నేలకూ నేలకూ ఆ శక్తి వేరు. ఆ తేడా చూడకుండా అందరికీ ఒకే సలహా ఇస్తే, ఎర్రనేల రైతు ఎన్నేళ్లు ఎరువు తోలినా పరీక్షలో తప్పుతూనే ఉంటాడు.

మట్టిలో కర్బనం ముఖ్యంగా రెండు రూపాల్లో ఉంటుంది. ఆకూ అలమూ, వేళ్ల ముక్కలూ సగం చివికి ఇంకా విడిగా ఉన్నది ఒకటి. వాటిని తిన్న సూక్ష్మజీవులు చచ్చి మిగిల్చిన పదార్థం బంకమట్టి రేణువులకు అతుక్కున్నది రెండోది. మొదటిది నెలల్లోనో, కొన్నేళ్లలోనో బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. రెండోది దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు నిలుస్తుంది. కాబట్టి అతుక్కోవడానికి ఎంత ఉపరితలం ఉందన్నదే అసలు సంగతి. నల్లరేగడిలోని స్మెక్టైట్ ఖనిజం ఒక్కో గ్రాముకు వందల చదరపు మీటర్ల ఉపరితలం ఇస్తుంది. ఎర్రనేలల్లో ఎక్కువగా ఉండే కేయొలినైట్ ఇచ్చేది పదీ ఇరవై. పైగా ఈ పడమటి మండలాల నేల గ్రానైట్, నైస్ రాళ్లు చివికి ఏర్పడింది, పైపొరలో ఇసుక పాలు హెచ్చు. ఎర్రదనాన్నిచ్చే ఇనుప ఆక్సైడ్లు కర్బనాన్ని గట్టిగానే పట్టుకుంటాయి గానీ, బంకే కొద్దిగా ఉన్నచోట వాటివల్ల అయ్యేదీ కొద్దే. ఇలాంటి నేలల్లో బంక చాలావరకు కిందికి దిగి పేరుకుంటుంది. పరీక్షకు మట్టి తీసేదేమో పై 15 సెంటీమీటర్లలో.

అంతా బంకలోనే ఉంటే నల్లరేగళ్లలోనూ కర్బనం తక్కువేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బంక నిర్ణయించేది గరిష్ఠ పరిమితిని. అందులో ఎంత నిండుతుందన్నది పంటను బట్టి, దుక్కిని బట్టి, ఎండను బట్టి ఉంటుంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1976లో నల్లరేగడిలో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. వానాకాలం బీడుగా వదిలే పాత పద్ధతి ఒకవైపు, జొన్నలో కంది కలిపి వేసే మెరుగైన పద్ధతి మరోవైపు. 24 ఏళ్ల తర్వాత 120 సెంటీమీటర్ల లోతు వరకు లెక్కిస్తే పాత పద్ధతిలో హెక్టారుకు 39.5 టన్నుల కర్బనం, మెరుగైన దానిలో 46.8 టన్నులు ఉన్నాయి. అంటే ఏడాదికి ఎకరాకు పెరిగింది సుమారు 120 కిలోలు. అంత పట్టున్న నేలలో, శాస్త్రవేత్తల కళ్లెదుట జరిగింది ఇంత. ఎకరా పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి దాదాపు 900 టన్నులు తూగుతుంది. అక్కడ 0.1 శాతం పెరగాలంటే 900 కిలోల కర్బనం వచ్చి, నిలవాలి కూడా. ఎర్ర చెలకలో మూడేళ్లలో కర్బనం రెట్టింపవుతుందనే ప్రచారాన్ని, కార్బన్ క్రెడిట్ల బేరాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి.

నిలవనిదానికి ఎరువు తోలడమెందుకంటారా? కరిగేటప్పుడే అది పంటకు పోషకాలిస్తుంది, మట్టిని గుల్లచేసి నీటిని పట్టి ఉంచుతుంది. ఇసుకపాలు ఎక్కువున్న నేలకు కర్బనం నిల్వ కంటే ఏటా దాని రాబడి ముఖ్యం. అనంతపురం ఎర్రనేలలో వేరుశనగపై 20 ఏళ్లు సాగిన ప్రయోగంలో, ఉన్న కర్బనం తగ్గకుండా ఉండాలన్నా ఏటా హెక్టారుకు టన్నుకు పైగా కర్బనం అందించాలని తేలింది. వేరుశనగను కోయరు, పెరుకుతారు. వేరుతో సహా కట్టె మేతకు పోతుంది, పొలానికి తిరిగి రావలసింది పేడ రూపంలోనే. (పుంగనూరు ఆవు పేరు దేశమంతా మోగుతోంది, ఆ ఊరి పొలాలకు పేరు కంటే పేడ అవసరం.) గొర్రెల మంద తోలించడం, సాళ్ల మధ్య కంది వేయడం ఆ రాబడిని పెంచే పాత పనులే. కంది వేరు లోతుగా దిగి, బంక ఉన్న పొరలోనే కర్బనాన్ని వదులుతుంది. పైగా సుమారు 700 మీటర్ల ఎత్తు వల్ల మైదానాల కంటే మదనపల్లె వైపు ఎండ కాస్త తక్కువ, కుళ్లడమూ ఆ మేరకు నెమ్మది.

పరిమితినే పెంచే ఉపాయం ఒకటుంది, అది చెరువు మట్టి. వానకు పొలాల నుంచి కొట్టుకుపోయే సన్న రేణువులు, వాటిని అంటుకున్న కర్బనంతో సహా, చెరువులోనే దిగుతాయి. ఎరువు గంపలో పోసే సరుకైతే, చెరువు మట్టి గంపనే పెద్దది చేస్తుంది. పొలంలో బంక 15 శాతం, పూడికలో 40 శాతం ఉందనుకుందాం. ఎకరాకు 120 టన్నులు తోలి కలిపితే పైపొరలో బంక దాదాపు 18 శాతానికి చేరుతుంది. తడిలో దాగిన కర్బనం ఎండకు తీస్తే పోదా అంటే, కొంత పోతుంది. బంక మాత్రం ఉంటుంది, తర్వాత వేసే ఎరువును అది పట్టుకుంటుంది. ఖర్చు మాట నిజమే, దూరం పెరిగేకొద్దీ ట్రాక్టరు బాడుగ గిట్టదు. అందుకే ఊరి చెరువు పూడిక ముందు ఆయకట్టు రైతుకు, చుట్టుపక్కల చెలకలకు దక్కాలి, ఇటుక బట్టీల వంతు ఆ తర్వాత. తోలేముందు పూడికలో ఇసుకెంత, ఉప్పెంత అని చూడటం తప్పనిసరి, పొలంలో బంకెంతో కూడా తెలియాలి. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలుంటాయి. వాటిలో బంక శాతం లేదు.