పచ్చని చెట్టూ ఆకు రాలుస్తుంది

మామిడి చెట్టు ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది. అయినా దాని కింద వాకిలి ఊడ్చే మనకు తెలుసు. దాని ఆకులూ రాలతాయి. మరి చెట్టు మోడు ఎందుకు కాదు? ఆకులన్నీ ఒకేసారి రాలవు. పాతవి రాలుతుంటే కొత్తవి చిగురిస్తుంటాయి.

మన దేశానికి ఉత్తరాన హిమాలయ కొండలున్నాయి. అక్కడ ఉత్తరాఖండ్ రాష్ట్రంలో చీడ్ అనే పైన్ చెట్లు ఎక్కువ. వాటి ఆకులు సన్నగా, సూదుల్లా ఉంటాయి. సుమారు జానెడు పొడవు. మూడేసి ఆకులు ఒక కట్టగా పుడతాయి.

ఈ చెట్టు కూడా ఎప్పుడూ పచ్చగానే కనిపిస్తుంది. కానీ ఒక్కో సూది ఆకు ఏడాది నుంచి మూడేళ్ల దాకే బతుకుతుంది. తర్వాత ఎండి రాలిపోతుంది.

ఎందుకు రాలుతుంది? కొమ్మ చివర కొత్త ఆకులు వస్తాయి. లోపలి పాత ఆకులకు ఎండ సరిగా తగలదు. అవి చెట్టుకు ఆహారం తక్కువ చేస్తాయి. చెట్టు వాటిలోని సారం కొంత వెనక్కి లాక్కుని వాటిని వదిలేస్తుంది.

ఎప్పుడు రాలుతుంది? ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ దాకా. అప్పుడు నేలలో తడి తక్కువ. ఆకులు తగ్గితే చెట్టుకు నీటి ఖర్చూ తగ్గుతుంది.

లోపలి పాత ఆకులు రాలితే భయం లేదు. కొమ్మ చివరి లేత ఆకులు ఎండితే మాత్రం చెట్టుకు ఏదో ఇబ్బంది వచ్చినట్టే. నీళ్లు అందక కావచ్చు. తెగులు కావచ్చు.

రాలిన ఆకులతో ఒక ప్రమాదం ఉంది. వాటిలో బంక ఉంటుంది. తొందరగా కుళ్లవు. నిప్పు తగిలితే భగ్గున మండుతాయి. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. గడ్డి, చిన్న మొక్కలు మాడిపోతాయి. అప్పుడు పశువుల మేత కోసం ఆడవాళ్లే ఇంకా దూరం నడవాలి. 2024 ఏప్రిల్, మే నెలల్లో అక్కడి అడవుల్లో పెద్ద మంటలు లేచాయి. నైనిటాల్ దగ్గర హెలికాప్టర్లతో నీళ్లు పోసి ఆర్పాల్సి వచ్చింది.

రాలిన ఈ ఆకుల్ని అక్కడ పిరూల్ అంటారు. ఆడవాళ్లు వాటిని మోపులు కట్టి తెస్తారు. పశువుల కొట్టంలో పరుస్తారు. పేడతో కలిసి అవి ఎరువవుతాయి. అడవిలో మంటకు మేతా తగ్గుతుంది. పొలానికి బలమూ వస్తుంది.

మీ వాకిట్లో చెట్టు ఏ నెలలో ఎక్కువ ఆకు రాలుస్తుంది? ఆ ఆకును కాలుస్తున్నారా, ఎరువు చేస్తున్నారా? గమనించి మీ నోటు పుస్తకంలో రాయండి.