మెట్టసీమ నుండి సముద్రతీరానికి

పుంగనూరు సీమలో కొండల నడుమ ఉన్న సోమలకు సముద్రం దూరం. చుట్టూ గుట్టలు, చెరువులు, మామిడి తోటలు, టమాటా మళ్లు, వానకై ఎదురుచూచే మెట్టచేలు. రోడ్డు వెంట నూట యాభై కిలోమీటర్లకు పైగా పోతేగాని ఇక్కడి పిల్లలకు సముద్రం కంటబడదు. కనుకనే సెలవులు రాగానే ఈ ప్రాంతపు కుటుంబాలు అద్దెకారో, వ్యానో మాట్లాడుకొని, అవ్వాతాతలను, పిల్లలను ఎక్కించుకొని తూర్పుదిక్కుగా బయలుదేరడం ఇప్పుడు సాధారణమైపోయింది. చూడవలసిన ఊళ్ల పట్టిక పెద్దది. చేతిలో ఉన్న రోజులు మూడో, నాలుగో. ఊరు చేరగానే దిగడం, దర్శనమో స్నానమో కానిచ్చి ఒక ఫోటో తీసుకోవడం, మళ్లీ బండి ఎక్కడం. తిరిగి వచ్చిన వారం రోజులకు పిల్లవానిని పిలిచి, "సముద్రం దగ్గర ఏమి చూచినావురా?" అని అడిగితే, "నీళ్లు" అంటాడు.

ఆ జవాబులో పిల్లవాని తప్పేమీ లేదు. ఎట్లా చూడవలెనో వానికి ఎవరూ చెప్పలేదు. మన భాషలో విహారమనే మాట ఉన్నది, యాత్ర అనే మాట ఉన్నది. విహారం ఎవరి సంతోషానికి వారు చేసేది. దానికి ఎవరికీ లెక్క చెప్పనక్కర లేదు. యాత్రకు మాత్రం లెక్క ఉన్నది. పోయి వచ్చినవాడు, తాను చూచినదానిని పోబోయేవానికి ఒప్పజెప్పవలెను. నీళ్లెక్కడ మంచివి, బస ఎక్కడ దొరుకుతుంది, ఏ ఏరు ఎప్పుడు పొంగుతుంది అనే సంగతులు పూర్వం ఒక ఊరి నుండి మరొక ఊరికి అట్లాగే చేరేవి.

ఈ లెక్కను తెలుగులో మిక్కిలి శ్రద్ధగా ఒప్పజెప్పినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాషీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కుటుంబంతోను, పరివారంతోను కలిసి, సుమారు నూరుమందితో కాశీకి బయలుదేరినారు. పోయేటప్పుడు తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా లోనాటి దారిన పోయినారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా చూచుకొని, జగన్నాథం మీదుగా కోస్తా వెంబడి దక్షిణానికి దిగి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణం చేరినారు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం! ఆనాడు రైలు లేదు, మోటారు లేదు. మేనాలు, బోయీలు, కాలినడక. గోదావరికి గాని, కృష్ణకు గాని వంతెన లేదు. పడవ దొరికే దాకా ఒడ్డున కాచుకొని ఉండవలసినదే.

దారి పొడవునా వ్రాసుకొన్న సంగతులను ఆయన తన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లగారికి ఉత్తరాలుగా పంపుతూ వచ్చినారు. 1836లో వీరాస్వామయ్యగారు కాలధర్మం చెందగా, శ్రీనివాసపిళ్లగారు ఆ రచనను 1838లో "కాశీయాత్ర చరిత్ర" అనే పేరుతో అచ్చు వేయించినారు. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని తిరిగి ప్రకటించి తరువాతి తరాలకు అందించినారు.

ఆ గ్రంథానికి విలువ తెచ్చినది అందులోని చిల్లర సంగతులే. మజిలీ వచ్చినప్పుడల్లా ఆ ఊరు ఎంతటిది, దిగడానికి చోటు ఉన్నదా, నీళ్లు మంచివా, కావలసిన సరుకులు అంగళ్లలో దొరుకుతవా, దారి ఇసుకనేలా రాతినేలా అని విచారించి వ్రాసినారు. అక్కడి జనం ఏ భాష మాట్లాడుతారు, ఏమి పండిస్తారు, సుంకం ఎవరు వసూలు చేస్తారు అని కూడా అడిగి తెలుసుకొన్నారు. దేవతాదర్శనం ఆయనకు ఎంత ముఖ్యమో దారి కూడా అంత ముఖ్యం. సుమారు రెండువందల సంవత్సరాల క్రిందటి కోస్తా ఎట్లా ఉండేదో నేడు తెలుసుకోగోరేవారికి ఆ చిల్లర సంగతులే పెన్నిధి.

సోమల నుండి బయలుదేరేవారు ఈ పద్ధతిని ఊరి పొలిమేర దాటకముందే మొదలుపెట్టవచ్చు. మొదటి ప్రశ్న ఇది: ఈ సీమలో పడిన వాన ఎక్కడికి పోతున్నది? ఈ మిట్టల మీది నీటిలో కొంత పీలేరు వైపు పారి పింఛా నదిలో చేరుతుంది. పింఛా, బాహుదా కలిసి చెయ్యేరవుతుంది. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పెన్న నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. అంటే ఇక్కడి వారికంటె ముందే ఇక్కడి వాన ఆ యాత్ర చేస్తూ ఉన్నదన్నమాట. అది ఎప్పుడూ సాధువుగా పోయే యాత్ర కాదు. 2021 నవంబరు 19న పింఛా, చెయ్యేరు పొంగి, రాజంపేట సమీపాన ఉన్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, దిగువ పల్లెలలో ఎందరో ప్రాణాలు కోల్పోయినారు. ఎగువన కురిసిన వానకు దిగువవారు ఎట్లా లోబడి ఉంటారో దీనిని మించిన భూగోళ పాఠం లేదు.

పాకాల మీదుగా చంద్రగిరి చేరినవారికి స్వర్ణముఖి ఎదురవుతుంది. తిరుపతి ప్రాంతం నుండి శ్రీకాళహస్తి, నాయుడుపేటల దాకా రోడ్డు ఇంచుమించు ఈ నది తోడుగానే తూర్పుకు పోతుంది. ఏటిలో చాలా నెలలు ఇసుకే కనబడుతుంది. అయినను తీరానికి దారి చూపేది ఆ ఇసుకపాయే. తిరుపతి వద్ద వీరాస్వామయ్యగారి దారి, నేటివారి దారి ఒక్కచోట కలిసి విడిపోతవి. ఆయన అక్కడి నుండి కడప సీమకు సాగినారు. నేటివారు సముద్రం వైపు తిరుగుతారు.

నాయుడుపేట వద్ద తీరపు రహదారి తగులుతుంది. ఉత్తరానికి మళ్లకముందు దక్షిణంగా సూళ్లూరుపేట వరకు పోయి రావడం మంచిది. నడుమ దొరవారిసత్రం అనే ఊరు ఉన్నది. సత్రాలే బాటసారులకు దిక్కయిన కాలాన్ని ఆ పేరు ఇంకా మోస్తున్నది. దానికి చేరువలో ఉన్న నేలపట్టులో గూడబాతులు చెట్లమీద గూళ్లు కట్టి పిల్లలను లేపుతవి. వాటికి మేత దొరికేది పులికాటు సరస్సులో. చిలకా సరస్సు తర్వాత మన దేశంలోని పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. కాళంగి, ఆరణి మొదలైన ఏరులు తెచ్చే మంచినీరు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు ఇందులో కలుస్తవి. ముఖద్వారం ఇసుకతో పూడిపోతే లోపలికి చేపలు, రొయ్యలు రావడం తగ్గుతుంది. వలవేసి బ్రతికేవాని ఇంట పొయ్యి చల్లారుతుంది. శీతకాలంలో ఇక్కడ దిగే ఫ్లెమింగో పక్షుల గులాబివన్నె చూచి ముచ్చటపడే పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పవలెను.

సరస్సుకు, సముద్రానికి నడుమ అడ్డుగా ఉన్న దీవి శ్రీహరికోట. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని మోసుకొని ఎస్.ఎల్.వి.-3 వాహనం కక్ష్య చేరినది ఇక్కడి నుండే. దేశంలో ఇంత నేల ఉండగా ఈ ఇసుక దీవినే ఎందుకు ఎన్నుకొన్నారు? భూమి పడమటి నుండి తూర్పుకు తిరుగుతున్నది. తూర్పుదిక్కుగా విడిచిన రాకెట్టుకు ఆ వేగం తోడవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఆ తోడ్పాటు హెచ్చుతుంది. తూర్పున ఉన్నది సముద్రమే కనుక, పడిపోయే భాగాలవల్ల ఊళ్లకు అపాయం తక్కువ. తరగతిలో రెండు గంటలు చెప్పినా పట్టుబడని సంగతి, ఆ తీరాన నిలిచి తూర్పుకు చూచినవానికి రెండు నిమిషాలలో తెలిసిపోతుంది.

ఈ తీరం వెంబడి ఒక పాత కాలువ ఉన్నది. దాని పేరు బకింగ్‌హాం కాలువ. 19వ శతాబ్ది మొదట్లో చెన్నపట్టణం దగ్గర ఆరంభమై, క్రమంగా ఉత్తరానికి, దక్షిణానికి పెరిగింది. 1876-78 నాటి ధాత కరువులో, కూలికోసం వచ్చిన జనంచేత కరువుపనిగా ఇందులో కొంత భాగం త్రవ్వించినారు. రాయలసీమను ఊడ్చివేసిన కరువు అదే. తీరపు కాలువలో ఆ ఆకలి మట్టితట్టలు మోసిందని తెలిసినవాడు దానిని ఉత్త మురుగునీటి పాయగా చూడలేడు.

ఉత్తరానికి మళ్లి నెల్లూరు చేరినప్పుడు పెన్న వంతెనపై బండి ఒక్క క్షణం నెమ్మదించవలసిన చోటు వస్తుంది. మెట్టసీమలో ఎక్కడో చెరువుకట్టమీదుగా పొర్లిన నీరు ఇక్కడ నెల్లూరు వరిమళ్లను తడిపి కడలిలో కలుస్తున్నది. సోమలవారికి ఈ నది పరాయిది కాదు.

నెల్లూరు, ఒంగోలు గడచి చినగంజాం సమీపానికి పోతే మోటుపల్లి అనే చిన్న ఊరు ఉన్నది. ప్రయాణీకుల పట్టికలో దీని పేరు అరుదుగా కనబడుతుంది. కాకతీయుల కాలంలో ఇది గొప్ప రేవు. పూర్వపు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును బలవంతంగా లాక్కొనేవారు. గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో ఇక్కడ అభయశాసనం వేయించి, నియమించిన సుంకం తప్ప మరేమీ తీసుకొనబోమని సముద్రవర్తకులకు మాట ఇచ్చినాడు. ధనంకంటె ప్రాణానికి తెగించి వచ్చినవాని నమ్మకం గొప్పదని ఒక రాజు రాతిమీద చెక్కించిన చోటు ఇది. ఆ శతాబ్ది చివర ఈ రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో ఇక్కడి రాణిని కొనియాడినాడు. ఆమె రుద్రమదేవియే అని చరిత్రకారుల అభిప్రాయం.

కృష్ణా గోదావరీ ముఖాలకు చేరినకొద్దీ సముద్రపు రెండవ ముఖం తెలుస్తుంది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి మచిలీపట్టణంలో సుమారు ముప్పైవేల మందిని మ్రింగింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలకు పైగా మరణించినారు. అలలతో ఆడుకొనే పిల్లలకు ఈ మాటలు చెప్పి భయపెట్టడమెందుకని తల్లులు అనవచ్చు. తీరంలో పుట్టిన పిల్లలు ఈ మాటలు వింటూనే పెరుగుతున్నారు. ఒక్క పూట వచ్చి పోయేవారు వారి బ్రతుకును ఆమాత్రమైనా ఎరిగి పోవడం మర్యాద.

వీరాస్వామయ్యగారు దాటిన గోదావరికి ఆనకట్ట లేదు. ఆయన ఇల్లు చేరిన మరుసటి ఏడే, 1832-33లో, గుంటూరు సీమను డొక్కల కరువు పీడించింది. 1847లో ఆర్థరు కాటన్ ధవళేశ్వరం వద్ద పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట ముగించిన తర్వాతనే నేడు అందరూ మెచ్చుకొనే పచ్చదనం స్థిరపడింది. ఆయన యాత్రాకాలంలో ఓడలతో కళకళలాడిన కోరంగి రేవును 1839 నవంబరులో వచ్చిన తుపాను ధ్వంసం చేసింది. అక్కడ ఇప్పుడు మడ అడవి ఉన్నది. ఉప్పునీటిలో వేళ్లూని, గాలి తాకిడిని కొంత తగ్గించి, వెనుకనున్న ఊళ్లకు అడ్డు నిలిచే అడవి. కోరంగిలో పడవ ఎక్కేవారు ఆ వేళ్లను చూచి రావలెను.

సెలవులు ఇంతటితో ముగిసిపోతే పోనివ్వండి. భీమునిపట్టణం, కళింగపట్టణం మరొక ఏటికి మిగలడంవల్ల నష్టం లేదు. పది ఊళ్లను దాటడంకంటె నాలుగు ఊళ్లలో నిలవడం మేలు.

ఉపాధ్యాయులు ఇందుకు పెద్ద ఏర్పాట్లేమీ చేయనక్కర లేదు. సెలవులకు ముందు పిల్లలచేత ఒక చిన్న పుస్తకం కుట్టించి, ప్రతి మజిలీలో అయిదు ప్రశ్నలకు జవాబు వ్రాసుకొని రమ్మంటే చాలు. ఈ ఊరికి నీళ్లెక్కడివి? ఇక్కడివారు దేనివల్ల బ్రతుకుతారు? ఊరికి ఈ పేరు ఎట్లా వచ్చిందంటారు? ఇక్కడ దొరికేది ఏది, వెల ఎంత? ఇక్కడివారికి భయం దేనివల్ల? నీటి రుచి చెప్పడంలో అవ్వను మించినవారు లేరు. ఆ ప్రశ్న ఆమెది. అంగడిలో వెలలు అడగడం తండ్రి పని. దారిని గుర్తించడం పెద్దపిల్లది. తీరంలో దిగేముందు అక్కడి పల్లెకారుణ్ణి, "ఇక్కడ లోతు ఎట్లా ఉన్నది, అన్నా? నీళ్లలో దిగవచ్చునా?" అని అడిగి, ఆయన వద్దంటే మానుకోవడం అందరి పని. సోమల చెరువులో ఈత వచ్చినంతమాత్రాన సముద్రపు లాగుడు తెలియదు. ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడంవల్ల ఏటేటా విహారాలు శోకంగా ముగుస్తున్నవి.

సెలవులు ముగిసి బడి తెరిచిన తర్వాత ఆ పుస్తకాలను తరగతిలో చదివించవలెను. వాటిలో తప్పులుంటవి, పొరపాటు లెక్కలుంటవి, అవి దిద్దుకోవచ్చు. సముద్రం చూడని పిల్లలు తరగతికి పదిమందైనా ఉంటారు. అద్దెకారుకు డబ్బు లేని ఇళ్లవారు వాళ్లు. పోయి వచ్చినవాని పుస్తకం వాళ్లకు తెరిచిన దారి. తన మిత్రుడు ఇంటనే కూర్చుండి కాశీ చూడవలెనని వీరాస్వామయ్యగారు ఉత్తరాలు వ్రాసినారు. ఆ ఉత్తరాలు తెలుగువారందరి ఆస్తి అయినవి. తిరిగి వచ్చిన ప్రతి కుటుంబం ఆ దారికి ఇంకా నాలుగు పంక్తులు బాకీ ఉన్నది.