మొలతాడు బిగుస్తోందా? ఒకసారి టేపు తియ్యండి

స్నానం చేయించి ఒళ్లు తుడుస్తుంటే మనవడి మొలతాడు నడుముకు ఒత్తుకుపోయి, చుట్టూ సన్నటి గీత పడి ఉంటుంది. అమ్మమ్మ మురిసిపోతుంది. 'సెలవుల్లో కాస్త ఒళ్లు చేశాడు' అంటూ ముడి విప్పి వదులు చేస్తుంది. అంతకు ఏడాది ముందు, మూడేళ్లు నిండిన కొత్తలో అదే పిల్లాడికి పక్కటెముకలు కనిపిస్తున్నాయని ఇంటిల్లిపాదీ దిగులుపడ్డారు. పాలల్లో పొడులు కలిపారు. ఆకలి పుట్టించే సిరప్పు రాయమని డాక్టర్ని అడిగారు. ఫోను చూపించి మరీ నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టారు.

ఇందులో దిగులు పడాల్సింది ఎప్పుడు, మురిసిపోవాల్సింది ఎప్పుడు? పిల్లల ఎత్తు, బరువు, నడుము కొలతలకూ పెద్దయ్యాక వచ్చే మధుమేహానికీ గుండెజబ్బుకూ ఉన్న సంబంధం గురించి ఇప్పటిదాకా తెలిసినదాన్ని బట్టి చూస్తే, చాలా ఇళ్లలో ఈ రెండూ తారుమారవుతున్నాయి.

ఆ సన్నబడటం జబ్బు కాదు

బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు వేసి భాగిస్తే వచ్చేది బీఎంఐ. పెద్దవాళ్లకు ఇది 18.5 కంటే తగ్గితే బక్కపలచన అంటాం. పిల్లల లెక్క వేరు. పుట్టిన దగ్గర్నుంచి బీఎంఐ గబగబా పెరిగి, ఏడాది నిండేసరికి సగటున 17 దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి అది మెల్లగా దిగడం మొదలుపెడుతుంది. ఐదేళ్లకు 15 పైచిలుకుకు చేరుతుంది. బుగ్గలు తగ్గుతాయి, తొడల మీది మడతలు పోతాయి, పక్కటెముకలు కనిపిస్తాయి. పిల్లలు చిక్కిపోవడం కాదిది. ఎత్తు ముందు పరుగెడుతుంటే బరువు వెనక నడుస్తోంది, అంతే. ఐదారేళ్ల మధ్య ఈ గీత అడుగుకు చేరి, మళ్లీ పైకి లేస్తుంది.

మనం చూడాల్సింది ఆ మలుపునే. అది ఐదారేళ్లకు రావటం సహజం. మూడేళ్లకో, నాలుగేళ్లకో వచ్చేస్తే, అంటే పిల్లలు సన్నబడాల్సిన వయసులోనే తిరిగి ఒళ్లు చేయడం మొదలుపెడితే, మున్ముందు ఊబకాయం, మధుమేహం ముప్పు పెరుగుతుంది. అమ్మమ్మ మురిసిపోయిన ఆ నాలుగో ఏటి మొలతాడు సంగతి సరిగ్గా ఇదే కావొచ్చు.

ఈ విషయం మన దేశపు పిల్లల్లోనూ బయటపడింది. 1969 నుంచి 1972 వరకూ దక్షిణ ఢిల్లీలో పుట్టిన పిల్లల ఎత్తు, బరువులను పసితనం నుంచి క్రమం తప్పకుండా నమోదు చేస్తూ వచ్చారు. వాళ్లలో 1492 మందికి 26-32 ఏళ్ల వయసులో చక్కెర పరీక్షలు చేసి, పాత కొలతలతో పోల్చి చూశారు. 2004లో వెలువడిన ఆ ఫలితాలు వైద్యులనే ఆలోచనలో పడేశాయి. మధుమేహం గానీ దాని ముందస్తు దశ గానీ వచ్చినవాళ్లు చిన్నప్పుడు బొద్దుపిల్లలేమీ కారు. రెండేళ్ల వరకూ సన్నగానే ఉన్నారు. ఆ తర్వాత వాళ్ల బీఎంఐ మిగతావాళ్లకంటే ముందే మలుపు తిరిగి, వేగంగా పెరుగుతూ పోయింది. పన్నెండేళ్లకు కూడా వాళ్లలో ఒక్కరూ ఊబకాయులు కారు! స్కూలు ఫొటోలో చూస్తే మామూలు పిల్లలే. తేడా అంతా గీత ఎటు పోతోందన్న దాంట్లోనే ఉంది.

సన్నగా కనిపించే కొవ్వు

మన పిల్లల్లో మరో చిక్కు ఉంది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన శిశువులను డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసింది. మన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్లది 3.5 కిలోలు. పొట్ట చుట్టుకొలత, చేయి చుట్టుకొలత కూడా మనవాళ్లకు బాగా తక్కువ. కానీ వీపు మీద, భుజం ఎముక కింద చర్మాన్ని పట్టి కొలిస్తే కొవ్వు మాత్రం ఆ స్థాయిలో తగ్గలేదు. చిన్న శరీరం, తక్కువ కండ, దాదాపు అంతే కొవ్వు. 'సన్నటి కొవ్వు శిశువు' అని దీనికి పేరు పెట్టారు.

ఇదే యాజ్ఞిక్ తన బ్రిటిష్ సహచరుడు జాన్ యుడ్కిన్‌తో కలిసి తీయించుకున్న ఫొటో ఒకటి వైద్యలోకంలో బాగా ప్రసిద్ధి. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం యంత్రం ఎంత దాచిపెడుతుందో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

కేంద్ర ప్రభుత్వం 2016-18 మధ్య చేయించిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే చూడండి. 5-9 ఏళ్ల పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు 4 శాతం. వయసుకు తగ్గ బీఎంఐ లేక బక్కగా ఉన్నవాళ్లు 23 శాతం. అదే వయసు పిల్లల రక్తంలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లు 34 శాతం, మంచి కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లు 26 శాతం, మధుమేహం ముందస్తు దశలో ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరు. చిన్నపిల్లలకు ట్రైగ్లిజరైడ్ల హద్దును పెద్దపిల్లలకంటే తక్కువగా పెడతారు కాబట్టి 34 అన్న అంకెను చూసి గాభరా పడనక్కర్లేదు. అయితే ఒకటి మాత్రం స్పష్టం. రక్తంలో తేడాలున్న పిల్లలందరూ లావుగా ఉన్నవాళ్లు కారు.

దారంతో ఒక పరీక్ష

మరి ఇంట్లో ఏం చూడాలి? మూడు కొలతలు చాలు. ఎత్తు, బరువు, నడుము.

ఎత్తు కోసం చెప్పులు, జడకొప్పులు తీసేసి గోడకు ఆనించి నిలబెట్టండి. మడమలు, పిరుదులు గోడకు తగలాలి, చూపు నేరుగా ఉండాలి. తల మీద గట్టి అట్ట పుస్తకాన్ని గోడకు లంబంగా ఆనించి, దాని అడుగున పెన్సిలుతో గీత పెట్టండి. బరువును ఎప్పుడూ ఒకే యంత్రం మీద, పల్చటి బట్టలతో చూడాలి. రెండేళ్ల తర్వాత యుక్తవయసు వచ్చేదాకా పిల్లలు ఏడాదికి సుమారు 2 కిలోల బరువు, 5-6 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతారని గుర్తుంచుకుంటే చాలు, చాలా అనవసరపు భయాలు పోతాయి.

ఉదాహరణకు ఒక బాబు నాలుగేళ్లకు 102 సెంటీమీటర్లు, 15.5 కిలోలు ఉన్నాడనుకోండి. బీఎంఐ 14.9. ఐదేళ్లకు 108.5 సెంటీమీటర్లు, 18.5 కిలోలు. బీఎంఐ 15.7. ఆరేళ్లకు 114.5 సెంటీమీటర్లు, 22 కిలోలు. ఇప్పుడు 16.8. ఎత్తు చక్కగా పెరుగుతోంది, చూసినవాళ్లెవరూ లావు అనరు. కానీ గీత నాలుగేళ్లకే పైకి తిరిగింది, చివరి ఏడాదిలోనే బరువు మూడున్నర కిలోలు పెరిగింది. చార్టు మీద చుక్కలు పెట్టి కలిపితే తప్ప ఇది కంటికి అందదు. ఐదేళ్లలోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులు, ఆ పైన 18 ఏళ్ల వరకూ భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో తెచ్చిన చార్టులు వాడతారు. ఈ రెండో దాంట్లో అధిక బరువు గీతను పెద్దవాళ్ల బీఎంఐ 25కు కాకుండా 23కు సరితూగేలా కిందికి గీశారు. మనవాళ్లకు తక్కువ బరువులోనే ముప్పు మొదలవుతుంది కాబట్టి. మీ డాక్టర్ ఏ చార్టు వాడుతున్నారో అడగడంలో తప్పులేదు.

ఇక నడుము. దీనికి టేపు కూడా అక్కర్లేదు. సాగని దారం ఒకటి తీసుకుని పిల్లల ఎత్తుకు సరిగ్గా కత్తిరించండి. దాన్ని సగానికి మడిచి నడుము చుట్టూ తిప్పండి. రెండు కొసలూ కలిసి ఇంకాస్త మిగిలితే మంచిది. కలవకపోతే నడుము ఎత్తులో సగం దాటినట్టు. పొట్ట లోపలి అవయవాల చుట్టూ కొవ్వు చేరుతోందేమో డాక్టర్‌తో చూపించుకోవాలి. 116 సెంటీమీటర్ల ఎత్తున్న పాపకు 58 సెంటీమీటర్లు హద్దు అన్నమాట. ఇక్కడ మొలతాడును నమ్ముకోకూడదు, అది పొట్ట కిందికి జారి ఉంటుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా కొలవాలి. ఇంకో మాట. ఈ దారం పరీక్ష ఐదేళ్లు దాటినవాళ్లకే. అంతకంటే చిన్నపిల్లలకు పొట్ట సహజంగానే ముందుకుంటుంది, చాలామంది ఈ పరీక్షలో తప్పుతారు. మూడేళ్ల పిల్ల మీద ప్రయోగించి కంగారు పడకండి.

డాక్టర్ దగ్గర అడగాల్సింది మరొకటుంది. మూడేళ్ల నుంచీ ఏడాదికోసారి బీపీ చూడాలని పిల్లల వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెద్దవాళ్ల పట్టీ చిన్న చేతికి చుడితే లెక్క తక్కువగా వస్తుంది. పిల్లల పట్టీ ఉందా అని అడగండి. పిల్లల బీపీకి 120/80 అన్న ఒకే హద్దు ఉండదు, వయసును, ఎత్తును బట్టి మారుతుంది. ఇక మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమలులా అయితే అది మట్టి కాదు. పీచుతో ఎంత రుద్దినా పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావొచ్చు. ఇలాంటివి కనిపించినా, తల్లిదండ్రుల్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చినా, కొలెస్ట్రాల్ బాగా ఎక్కువున్నా పిల్లలకు రక్తపరీక్షలు ఎప్పుడు చేయించాలో డాక్టర్ నిర్ణయిస్తారు. అందరికీ ఆ ప్యాకేజీలు అవసరం లేదు.

అలాగని పళ్లెం లాక్కోకండి

ఇదంతా చదివి పిల్లలకు అన్నం తగ్గించేవాళ్లు ఉంటారు. అది మరీ ప్రమాదం. దానికి సాక్ష్యం మన హైదరాబాద్ పక్క పల్లెల్లోనే ఉంది. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన కార్యక్రమంలో 15 పల్లెల్లోని గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా రోజూ అదనపు ఆహారం ఇచ్చారు. మొక్కజొన్న-సోయా మిశ్రమంతో చేసిన ఉప్మా అది. పక్కనున్న 14 పల్లెల్లో ఆ పథకం ఇంకా మొదలుకాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువ. ఒంటి కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తల్లికీ, పసితనంలో బిడ్డకూ సరైన తిండి అందితే అది కొవ్వుగా మారలేదు, ఎత్తుగా, మంచి రక్తనాళాలుగా మారింది.

కాబట్టి పెరిగే పిల్లలకు 'డైటింగ్' అన్న మాటే వద్దు. గీత తొందరపడుతున్నప్పుడు బరువు తగ్గించడం కాదు, బరువును కొన్నాళ్లు నిలకడగా ఉంచి ఎత్తును అందుకోనివ్వడమే సాధారణంగా డాక్టర్లు చేసే పని. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర అడిగినంత పెట్టండి. తగ్గించాల్సింది తీపి కలిసిన పొడులు, టీలో ముంచుకునే బిస్కెట్లు, డబ్బా జ్యూసులు. రెండేళ్లలోపు పిల్లలకు పండ్లరసమే వద్దనీ, ఐదేళ్ల వరకూ రోజుకు 125 మిల్లీలీటర్లు దాటొద్దనీ భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. ఇంట్లో తీసిన తాజా రసమైనా సరే. పండును పండుగానే తిననివ్వండి. 'ఇంకొక్క ముద్ద' అని వెంటపడటం మానేస్తే సగం పని అయినట్టే, ఎందుకంటే చాలన్న సంగతి మనకంటే పిల్లల పొట్టకే బాగా తెలుసు. మూడు నాలుగేళ్ల వాళ్లకు రోజంతా కలిపి మూడు గంటల పరుగులు, గెంతులు ఉండాలి. ఐదు దాటాక చెమట పట్టే ఆట కనీసం గంట. ఇరుకు అపార్ట్‌మెంట్లో ఇది తేలిక కాదు. సెల్లారో, మేడమీదో, ఏదో ఒక చోటు వెతకాల్సిందే.

బొండాం, పుల్ల, డుమ్ము అంటూ ముద్దుపేర్లు పెట్టి పిలిచే చుట్టాలకు మాత్రం కాస్త గట్టిగానే చెప్పండి. పిల్లలు వాటిని మర్చిపోరు.

టీకాల వయసులో డాక్టర్ ఎటూ తూకం వేస్తారు. ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య వేసే బూస్టర్ తర్వాత మళ్లీ ఐదారేళ్లకే బూస్టర్. ఈ మధ్యలో జ్వరమొస్తేనే ఆసుపత్రికి వెళతాం, జ్వరంలో ఎత్తు ఎవరూ కొలవరు. గీత మలుపు తిరిగేదేమో సరిగ్గా ఆ ఏళ్లలోనే. అందుకే రెండో పుట్టినరోజు నుంచీ ఆర్నెల్లకోసారి మీరే కొలిచి, తేదీతో సహా టీకాల కార్డు వెనక రాసిపెట్టండి. బూస్టర్‌కు వెళ్లినప్పుడు ఆ అంకెలన్నీ డాక్టర్ ముందుంచి, చార్టు మీద చుక్కలు పెట్టి కలపమనండి.